సూది వేయని గిత్త

1959లో నన్ను పర్చూరు పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంట్ సర్జనుగా వేశారు. ఆ ప్రాంతం అప్పటికింకా గుంటూరు జిల్లాలోనే ఉండేది. హోదా పేరు పొడుగేగాని, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ డాక్టర్ని నేనొక్కణ్ణే. వేసవిలో బండలాగుడు పందేలు పెడితే, ముందురోజు ఎడ్లను పరీక్షించి, పళ్లు చూసి వయసు తేల్చడం కూడా మా పనే. రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆపైన నోరు నిండిన పెద్ద ఎడ్లు అని విభాగాలు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువూ పెరుగుతుంది.

ఆ ఏడు ఆరు పళ్ల విభాగానికి ఆదెమ్మగారు ఒంగోలు గిత్తల జతను తోలుకొచ్చారు. భర్త పోయాక వాటిని అమ్మేయమని బంధువులందరూ చెప్పినా ఆవిడ వినలేదు. తానే మేపారు, తమ్ముడు రామయ్య చేత తర్ఫీదు ఇప్పించారు. "ఆడమనిషి ఎడ్లు బండ లాగుతాయా?" అని ఊళ్లో మగవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వుకు బరిలోనే జవాబు చెప్పాలని ఆవిడ పంతం.

కాడికి కుడివైపు కట్టే గిత్త ముందుకాలు కుంటుతోంది. గిట్టను పట్టకారుతో నొక్కగానే కాలు లాక్కుంది. అడుగుభాగం చెక్కితే చీము చిమ్మింది. కడిగి, మందు పెట్టి, కట్టు కట్టాను. పందెం కుదరదని చెప్పాను.

"నొప్పి తెలియకుండా సూది వేయండి డాక్టరుగారూ. రేపు ఒక్కపూట నిలబడితే చాలు," అన్నారు ఆదెమ్మగారు.

వేయవచ్చు. గిట్టకు పైన నరం దగ్గర మత్తుమందు ఎక్కిస్తే కుంటు కనబడదు. వేయనన్నాను.

"మగాడు అడిగితే వేసేవారే!"

"ఎవరడిగినా వేయనండి. నొప్పి తెలియని ఎద్దుకు ఆగడం తెలియదు. రేపు లాగుతుంది, నిజమే. లోపల ఎముక చితికినా లాగుతుంది. ఎల్లుండి లేవదు."

ఆవిడ గిత్త మెడ నిమిరారు. తర్వాత రామయ్యను పంపకుండా తానే నిర్వాహకుల దగ్గరికి నడిచి, "మా జత దిగడం లేదు," అని గట్టిగా చెప్పారు. అందరూ నవ్వారు. ఆవిడ తల దించలేదు.

మరుసటి వేసవికి గిత్తలకు నోరు నిండింది. ఇక తలపడవలసింది పేరుమోసిన పెద్ద ఎడ్లతో, పెద్ద బండతో. గిట్ట నేనే పరీక్షించాను. రాయిలా ఉంది. అనుమతించాను.

రామయ్య ఒక్క కేక వేశాడు. గిత్తలు వంగి బండను కదిలించాయి, ఇక ఆగలేదు. గడువు ముగిసేసరికి అంతకుముందు జతలు ఆగిపోయిన గుర్తులన్నీ బండ దాటేసింది. కిందటేడు నవ్వినవాళ్లే తువ్వాళ్లు ఎగరేశారు. ఆదెమ్మగారు చెప్పులు విడిచి బరిలోకి పరుగెత్తి రెండు గిత్తల మూపురాలకూ పసుపు రాశారు. నన్ను చూసి, "ఏమండీ డాక్టరుగారూ, లాగాయా లేదా?" అని అరిచారు. లాగాయన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, అంత గోల.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పందెపు ఎడ్లు చాలా చూశాను. ఆశ తగ్గించుకోమని ఏ రైతుకూ చెప్పలేదు. ఆశ లేనివాడు గిత్తను అంతబాగా మేపడు. గెలవాలన్న తొందరలో పశువు నొప్పిని దాచేవాడికి మాత్రం అనుమతి ఇవ్వలేదు. గెలుపుకు ఏడాది ఆగగలగడం కూడా పట్టుదలేనని నాకు తెలిసింది ఆ బరిలోనే.