వాగు దాకా నడిచినవే

మా అత్త దేన్నయినా నడిపించి చూడందే ఇంటికి తెచ్చేది కాదు. నైజాం పోయిన కొత్తల్లో, పెద్దబాతులు కొందామని నన్ను వెంటబెట్టుకుని ఖానాపూర్ అంగడికి వెళ్లింది. అమ్మేవాడు తన దగ్గరున్న రెండు జాతుల్లో బరువైన తెల్లవాటిని చూపించాడు.

"మాంసం మస్తుంటది అవ్వా, గివే కొను."

"మా చేనుకాడ నీళ్లు లెవ్వు. దినాం వాగుదాక నడువాలె," అంటూ ఆమె రెండు జాతుల్నీ అంగడి చివరిదాకా తోలింది. తెల్లవి సగంలోనే చతికిలబడ్డాయి. బక్కపలచటి బూడిదరంగువి మెడలెత్తి అరుచుకుంటూ ఆమెనే దాటిపోయాయి.

"గివి మా ఇంటియి," అంది.

అంగడంతా నవ్వింది. నేను మాత్రం తలెత్తుకుని నిలబడ్డాను. నా పెళ్లిచూపుల్లో అందరూ నా మొహం చూస్తుంటే, ఆమె ఒక్కతే లేచి, "వాగుదాక పోయొద్దాం దా బిడ్డా," అంది. వెళ్లి వచ్చేదాకా నేనెక్కడా చతికిలబడలేదు.