తాండూరు బస్టాండ్ల బతుకమ్మ పాట

మధ్యాహ్నం తాండూరు బస్టాండ్ల వికారాబాద్ బస్సు కోసం కూసున్న. నా ముంగట నిలబడ్డ పెద్దాయన ఉన్నట్టుండి కింద పడిపోయిండు. పిలిస్తె పలుకలే, ఊపిరి ఆడుతలేదు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేసిన్రు. పక్క బెంచి మీదున్న ఒకామె లేసొచ్చి, ఆయన ఛాతి నడుమ రెండు చేతులు పెట్టి నొక్కుడు మొదలువెట్టింది. తల ఎత్తకుంటనే నాతోని అన్నది:

"అక్కా, జర ఒక బతుకమ్మ పాట అందుకో. పాట ఉంటె నా చేతులు తాళం తప్పవు."

మా ఆయన పోయినంక నన్ను బతుకమ్మ ఆడనీకి ఎవ్వరు పిలుస్తలేరు. వాకిట్ల నిలబడి చూసుడే. గా సంగతి ఆమెకేం తెలుసు. చప్పట్లు కొట్టుకుంట మెల్లగ అందుకున్న.

"గంత నిదానం గాదక్కా. చిన్నపిల్లలు జోరుగ ఆడుతరు చూడు, గట్ల."

జోరు పెంచిన. నేను పాట చెప్తుంటె చుట్టున్న ఆడోళ్లు చప్పట్లు కొట్టుకుంట అందుకున్నరు. ఆమె అలసిపోతె ఒక బస్సు కండక్టర్ కూసొని నొక్కిండు. అంబులెన్సు వచ్చేదాక పాట ఆగలే.

"మంచి గొంతు అక్కా నీది" అనుకుంట ఆమె కూడ అంబులెన్సులనే ఎక్కి పోయింది.

ఆ పెద్దాయన బతికిండో లేదో నాకు తెల్వదు. పొద్దుగూకినంక జొన్న రొట్టె కొడుతుంటె నా చేతులు గా పాట మీదనే పడుతయి. నాకు ఒక్క రొట్టె చాలు. అయినా పాట అయిపోయేదాక కొడుతనే ఉంట.