మా ఇంట్లో ఐరిష్ మనిషి

ఐర్లండ్‌లో పౌండ్లు పోయి యూరోలు రావడానికి ఇంకా కొద్ది నెలలు ఉందనగా మేం న్యూజెర్సీ నుంచి డబ్లిన్ చేరాం. నేను పుట్టింది తెనాలి దగ్గర. చదువుకోవడానికి అమెరికా వెళ్లి, అక్కడే ఉద్యోగం, పెళ్లి, చివరికి పాస్‌పోర్టు కూడా సంపాదించుకున్నదాన్ని. మావారిదీ ఇంచుమించు అదే కథ. ఆయన కంపెనీ డబ్లిన్ శివార్లలోని లెపర్డ్స్‌టౌన్‌లో కొత్త ఆఫీసు తెరిచి, రెండేళ్లు అక్కడ పనిచెయ్యమని పంపింది. కాబట్టి కాగితాల ప్రకారం మేం అక్కడ అమెరికన్లం. నమ్మడం మాత్రం ఎవరికీ తేలిక కాలేదు. టాక్సీ డ్రైవరు "ఏ ఊరు మీది?" అని అడిగితే "అమెరికా" అనేవాళ్లం. అతను అద్దంలో మా మొహాలు చూసి, మర్యాదగా, "అలాగా. మరి అంతకు ముందు?" అనేవాడు.

అవి ఐర్లండ్‌కి డబ్బు కొత్తగా వచ్చిన రోజులు. ఎటు చూసినా క్రేన్లు. ఎవరింటికి వెళ్లినా ఇళ్ల ధరల కబుర్లే. అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే గేటు బయట పాతికమంది వరసలో నిలబడి ఉండేవారు. బ్యాంకులో ఖాతా తెరవాలంటే ఇంటి చిరునామాతో మా పేరున కరెంటు బిల్లు కావాలన్నారు. కరెంటు మా పేరు మీదికి మార్చాలంటే బ్యాంకు ఖాతా ఉండాలన్నారు. మా అమెరికా డ్రైవింగ్ లైసెన్సులు అక్కడ చెల్లవు గనక కారుకి మళ్లీ నేర్చుకునేవాళ్ల 'ఎల్' పలకలు తగిలించుకుని పరీక్షకు కూర్చోవాలి.

మావారికి వీటన్నిటి మీదా గట్టి అభిప్రాయాలుండేవి. వేణ్ణీళ్లకో పంపు, చన్నీళ్లకో పంపు ఎందుకు, ఒకటి కాల్చడానికి, ఒకటి గడ్డకట్టించడానికా అనేవాడు. మంగళవారం వస్తానన్న ప్లంబరు ఏ మంగళవారమో చెప్పడేమిటనేవాడు. ఇల్లు తగలబడుతున్నా వీళ్లు "గ్రాండ్", అంతా బావుంది అనే అంటారనేవాడు. నాకు మాత్రం ఆ దేశం మెల్లగా నచ్చసాగింది. ఎడమ పక్కన నడిచే బళ్లు, టీ ఇవ్వకుండా వదలని ఇరుగుపొరుగు, పని ఆపి మరీ కబుర్లు చెప్పే కొట్టువాళ్లు. అమెరికాలో పదేళ్లు ఉండి నేను మర్చిపోయినవి ఇక్కడ మళ్లీ కనిపించాయి.

పక్కింట్లో డెబ్బై ఏళ్ల ముసలావిడ ఒక్కతే ఉండేది. మేం దిగిన మూడో రోజున, వేణ్ణీళ్లు రావడం లేదని ఆయన విసుక్కుంటుంటే, ఆవిడే వచ్చి మేడ మీద, వేణ్ణీళ్ల తొట్టి ఉండే హాట్ ప్రెస్ తలుపు తీసి లోపలున్న స్విచ్ చూపించింది. ప్రెస్ అంటే నాకు ఇస్త్రీ. ఆవిడకి బీరువా. ఆ రోజు ఇద్దరం దాని మీద పావుగంట మాట్లాడుకుని కడుపుబ్బ నవ్వుకున్నాం. అక్కణ్నుంచి మాకు స్నేహం.

ఆయన పర్మిట్ మీద వెళ్లాను గనక నాకు అక్కడ ఉద్యోగం చేసే హక్కు లేదు. మొదట్లో అది పెద్ద శిక్షలా అనిపించింది. ఆ వచ్చిన చలికాలంలోనే, పెళ్లయిన ఏడేళ్లకు, నాకు నెల తప్పింది. ఇక ఉద్యోగం సంగతే మర్చిపోయాను.

ఏడో నెల రాగానే ఒక పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. నడుం పట్టేసినట్టయింది. కింద చూసుకుంటే ఉమ్మనీరు. గోడ అవతలి నుంచి ముసలావిడ చూసి, చేతిలో బంగాళాదుంప అలాగే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని కూచుంది ఆవిడే. మావారు ఆఫీసు నుంచి ఆసుపత్రికి చేరేసరికే పాప పుట్టేసింది. కిలోకి కొంచెం తక్కువ.

తొమ్మిది రోజులు బతికింది. పాపని ఉంచిన గాజుపెట్టెకి పక్కన చెయ్యి దూర్చే గుండ్రటి కన్నాలుండేవి. ఆయన అందులోంచి చూపుడువేలు లోపల పెడితే పాప దాన్ని పట్టుకునేది. పట్టుకున్నంతసేపూ ఆయన దానితో తెలుగులో మాట్లాడుతూనే ఉండేవాడు.

"ఈ దేశం సంగతి నీకింకా తెలీదే తల్లీ. రెండు పంపులు పెడతారు. ఏ పంపు కింద చెయ్యి పెట్టినా తప్పే. నువ్వు పెద్దయ్యాక ఇంజనీరువై వీళ్లకి చెప్పాలి, రెండూ కలపండర్రా అని."

నర్సు ఆయన ఏం చెబుతున్నాడని అడిగింది. "పంపుల గురించి," అన్నాను. "పాపం, వింటోంది చూడు," అంది ఆమె. నిజంగానే వింటున్నట్టుండేది.

ఎనిమిదో రోజున ఇన్ఫెక్షన్ వచ్చింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం గొట్టాలన్నీ తీసి పాపని నా చేతుల్లో పెట్టారు. అంతవరకు నేను దాన్ని ఎత్తుకోలేదు. గొట్టాలు లేని మొహం చూడటం అదే మొదలు. గంటసేపు ఉంది. ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు. డాక్టరు వచ్చి చెబితే తెలిసింది.

ఏం చెయ్యాలో, ఎలా చెయ్యాలో మా ఇద్దరికీ తెలియదు. పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో పనిచేసే వరంగల్ డాక్టరుగారి భార్య కబురు తెలియగానే కారు నడుపుకుంటూ వచ్చింది. నేను ఆమెని అక్కా అని పిలిచేదాన్ని. వస్తూనే వంటింట్లోకి వెళ్లి కుక్కరు పెట్టింది.

"గట్ల కూసుంటే ఎట్లనే. రెండు ముద్దలు తిను. బాలింతవు నువ్వు."

బాలింత అన్న మాట వినగానే ఏడుపు తన్నుకొచ్చింది. అంతదాకా ఏడవలేదు నేను.

మావారు గుమ్మంలో నిలబడి, "దహనం ఎక్కడ చేస్తారో కనుక్కోవాలక్కా," అన్నాడు.

"పసిబిడ్డలకు దహనం ఉండది తమ్మీ. మనోళ్లు మట్టిల్నే పెడ్తరు," అంది అక్క.

అలా మా పాపని ఆ దేశపు మట్టిలోనే ఉంచాలని తేలింది. అంతకు ముందు రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లాలి. జననం, మరణం రెండూ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర రాయించాం. అక్కడి గుమాస్తా నడివయసు మనిషి. కలం పట్టుకుని "పాప పేరు?" అని అడిగాడు. ఇరవై ఒకటో రోజున పెడదామనుకున్న పేరు. అప్పటిదాకా మేం పైకి అనుకోలేదు కూడా. మావారు ఒక్కో అక్షరమే చెబితే అతను రాశాడు. జనన పత్రంలో ఒకసారి, మరణ పత్రంలో ఒకసారి. ఆ పేరు నేనిక్కడ రాయను.

పత్రాలు చేతికిస్తూ అతను, "ఇక్కడ పుట్టింది గనక పాప ఐరిష్ పౌరురాలు. మీకు తెలిసే ఉంటుంది," అన్నాడు. మాకా ధ్యాసే లేదు. బయటికొచ్చాక మావారు మెట్ల మీద కూలబడి, "మనింట్లో ఐరిష్ మనిషి అదొక్కతే," అన్నాడు. నవ్వబోయాడు. నవ్వు సగంలో ఏడుపైపోయింది. జనం దారి ఇస్తూ మా పక్కనుంచి వెళ్లారు. ఒక ముసలాయన టోపీ తీశాడు.

పెట్టె తెల్లది, చిన్నది. అంత్యక్రియలు చూసే ఆయన దాన్ని శవాలు తీసుకెళ్లే బండిలో పెట్టలేదు. "ఇక్కడ నాన్నే ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్తాడు," అని మావారిని తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టి మోకాళ్ల మీద పెట్టాడు. ఆడవాళ్లు రాకూడదని అక్క అనలేదు. నేనూ అడగలేదు. శ్మశానంలో పసిపిల్లలకి వేరే చోటుంది. సమాధుల మీద గాలికి తిరిగే రంగుల చక్రాలు, తడిసిన ఎలుగుబంటి బొమ్మలు. మావారు పాలు పోశాడు. ముసలావిడ తన జపమాల తీసుకుని కొంచెం దూరంగా నిలబడింది.

ఒక వారం పోయాక నన్ను తన వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చి ఆవిడ ఈ మాట చెప్పింది.

"నా మొదటివాడు పుట్టగానే పోయాడు. బాప్తిస్మం ఇచ్చే వ్యవధి లేదు. అలాంటి బిడ్డల్ని అప్పట్లో చర్చి శ్మశానంలోకి రానిచ్చేవారు కాదు. మా ఆయన కోటు లోపల పెట్టుకుని పొలాలవైపు వెళ్లాడు. ఎక్కడ పెట్టావని అడగొద్దన్నాడు. నేను అడగలేదు. నలభై ఏళ్లు అడగలేదు. ఆయనా పోయాడు. ఆ చోటు ఆయనతోనే పోయింది."

ఆవిడ నా కప్పులో మళ్లీ టీ పోసింది.

"నీకు చోటు తెలుసు," అంది. "దాన్ని పట్టుకో."

పట్టుకున్నాను. రోజూ బస్సెక్కి వెళ్లేదాన్ని. మావారు మాత్రం మూడోసారి తర్వాత రానన్నాడు. ఆయనకి ఇప్పుడు దేని మీదా అభిప్రాయం లేదు. ప్లంబరు రాకపోయినా అడిగేవాడు కాదు. ఆఫీసు, ఇల్లు, ఎదురుగా టీవీ. ఆరు నెలలకి కంపెనీ వాళ్లు ముందుగానే వెనక్కి రావచ్చంటే వెంటనే ఒప్పుకుని వచ్చి నాకు చెప్పాడు.

"నన్నడగకుండా ఎలా ఒప్పుకున్నారండీ?"

"ఇక్కడ మనకేముంది?"

ఆ మాట అన్న మరుక్షణమే ఆయన మొహం పాలిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాకు తెలుసు, ఆయన ఆ ఉద్దేశంతో అనలేదు. అయినా నేను క్షమించలేకపోయాను. "మీరు వెళ్లండి, నేను రాను," అన్నాను. వెళ్లాడు. నేను శ్మశానానికి దగ్గర్లో ఒక గది తీసుకున్నాను.

మూడు నెలలు ఉండగలిగాను. ఆయన పర్మిట్ అయిపోతే నేను ఉండే అనుమతీ అయిపోతుంది. పొడిగించమని అడగడానికి గార్డాల, అంటే అక్కడి పోలీసుల, ఆఫీసుకి వెళ్లి, తెల్లవారకముందే వచ్చినవాళ్ల వెనక వరసలో నిలబడ్డాను. మధ్యాహ్నానికి నా వంతు వచ్చింది. అద్దం వెనక చిన్నవయసు గార్డా. ఫారం మీద ప్రశ్నలు వరసగా అడుగుతూ పోయింది.

"ఐరిష్ పౌరసత్వమున్న పిల్లలున్నారా?"

"ఉంది," అన్నాను. "ఒక పాప."

ఆమె మొహం తేటపడింది. ఆ రోజుల్లో అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకి దారి ఉండేది. "మరింకేం. పాప మీతోనే ఉంటోందా?"

జనన పత్రం కిటికీ కింద నుంచి తోశాను. కాసేపటికి రెండోదీ తోశాను. ఆమె రెండూ చదివింది. తారీకులు చూసింది. కలం పక్కన పెట్టి లోపలికి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆరు వారాలు ఇవ్వగలిగాను. అంతకన్నా నా చేతిలో లేదు. నన్ను క్షమించండి."

ఆమె తప్పేముంది. నేను కాగితాలు తీసుకుని థాంక్స్ చెప్పాను. ఆ సాయంత్రం న్యూజెర్సీకి ఫోన్ చేశాను. "వస్తున్నాను," అన్నాను. ఆయన, "నేనే వచ్చి తీసుకొస్తాను. దాన్ని చూడకుండా వచ్చేశాను," అన్నాడు.

వచ్చాడు. ముసలావిడతో కలిసి ముగ్గురం శ్మశానానికి వెళ్లాం. ఆయన ఆ గడ్డి మీద బోర్లా పడుకుని ఏడుస్తుంటే ముసలావిడ నన్ను దగ్గరికి వెళ్లనివ్వలేదు. "ఏడవనీ," అంది. బయటికొచ్చేటప్పుడు నా చెయ్యి నొక్కి, "ఆదివారం చర్చిలో మాస్ అయ్యాక నేనొస్తూ ఉంటాను. నువ్వు బెంగపెట్టుకోకు. నాకూ ఒక బిడ్డ దగ్గరికి వెళ్లడానికి చోటు దొరికింది," అంది.

మాట తప్పలేదు. ఏడేళ్లపాటు ఏడాదికి రెండు ఉత్తరాలు వచ్చేవి. డాఫొడిళ్లు పూశాయని, రాయి కడిగానని, మోకాళ్లు నొప్పిగా ఉన్నా గ్రాండ్‌గానే ఉన్నానని. తర్వాతి ఉత్తరం ఆవిడ మేనకోడలి చేతిరాతలో వచ్చింది.

మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ వేసవిలో ఇద్దరం డబ్లిన్ వెళ్లాం. ముసలావిడని ఆవిడ భర్త పక్కనే, అదే శ్మశానంలో, రెండో వైపు పెట్టారు. ముందు పాప దగ్గర కలుపు పీకాం. కొన్ని నెలలుగా ఎవరూ రాక మోకాలెత్తు పెరిగింది. తర్వాత ఆవిడ దగ్గరికి వెళ్లాం. అక్కడ కలుపేం లేదు, మేనకోడలు చూసుకుంటోంది. అయినా మావారు కూచుని, రాయి చుట్టూ గడ్డి చేత్తో సరిచేస్తూ, వాన మొదలైనా లేవలేదు.