ఒకేసారి చచ్చిపోయే డిస్కులు

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. ఏ వార్డులో కంప్యూటర్ ఆగినా ఫోన్ ఎత్తేది నేనే. నాతోపాటు ఇంకొకతను ఉండేవాడు గానీ, ఆ వానాకాలంలో భార్య కాన్పుకని సెలవు పెట్టి మదనపల్లెకు వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఆ మెయిల్ వచ్చింది.

మా రోగుల వివరాలన్నీ సెల్లారులో, ఏసీ గదిలో, ఒక డిస్కుల పెట్టెలో ఉండేవి. సర్వర్లు రెండున్నాయి, ఒకటి ఆగిపోతే రెండోది అందుకుంటుంది. కానీ రెండూ చదివేది ఆ ఒక్క పెట్టెలోంచే. దాన్ని తయారుచేసిన కంపెనీ నుంచి వచ్చిన మెయిల్ అది. ఫలానా లోపం సరిచేశాం, ఫలానా ప్యాచ్ వేసుకోండి అంటూ అలాంటివి వస్తూనే ఉంటాయి. చాలావాటిని నెలాఖరు పనిలో కలిపేసుకుంటాను. దీన్ని మాత్రం వెంటనే మళ్ళీ చదివాను. చదవడం పూర్తయ్యేసరికి కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నాను.

ప్రతి డిస్కులోనూ దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, ఫర్మ్‌వేర్ అంటాం. మా డిస్కుల ఫర్మ్‌వేర్‌లో ఒక తప్పు దొర్లిందట. డిస్కు ఆన్ చేసిన దగ్గర్నుంచి ఇన్ని వేల గంటలు నడిచాక అది ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆగితే అందులో ఉన్నదేదీ మళ్ళీ చేతికి రాదు. ఆ గడువు దాటకముందే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవాలి.

ఒక డిస్కు పోతే మాకు భయం లేదు. అది పోయినా మిగిలినవి దాని పని చేసేలా ముందే అమర్చుకుంటాం. కానీ మా పెట్టెలో డిస్కులన్నీ ఒకేరోజు కొన్నవి, ఒకేరోజు ఆన్ చేసినవి. అప్పటినుంచి ఒక్కసారి కూడా ఆపలేదు. పోయే గంట వస్తే అన్నిటికీ కలిపి ఒకేసారి వస్తుంది.

సెల్లారులోకి దిగి లెక్క చూసుకున్నాను. ఇంకా కొద్ది వారాలే మిగిలాయి.

ఆ రోజు నుంచి ఊరికూరికే వెళ్ళి ఆ గది తలుపు తీసి చూసేదాన్ని. పచ్చ దీపాలు మిణుకుమిణుకుమంటూ, ఫ్యాన్లు ఎప్పటిలాగే తిరుగుతూ, ఏమీ ఎరగనట్టు ఉండేది ఆ పెట్టె. రిసెప్షన్ ముందు టోకెన్ల కోసం నిలబడినవాళ్ళని చూస్తే భయం వేసేది. ల్యాబ్ రిపోర్టు కోసం కూర్చున్నవాళ్ళని చూస్తే భయం వేసేది. మా ఆయన సూళ్ళూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వారానికొకసారి ఇంటికొస్తాడు. ఫోన్‌లో నా గొంతు విని, "ఏమైంది, అట్ల మాట్లాడతా ఉండావు?" అన్నాడు. చెప్పాను. "మీ సార్‌కి చెప్పినావా?" అన్నాడు.

మా సార్ అంటే ఆసుపత్రి సూపరింటెండెంటు, పెద్ద వయసు సర్జను. అప్పటికే ఒకసారి చెప్పి వచ్చాను.

"బాగా పనిచేస్తా ఉండేదాన్ని ఎందుకమ్మా కదిలించేది?" అన్నారాయన.

"పనిచేస్తా ఉంటేనే పోతుంది సార్ అది. ఆ లోపం అట్లాంటిది."

"ఎంతసేపు ఆపాల?"

"మధ్యాహ్నమంతా సార్."

"మధ్యాహ్నమంతానా! డయాలసిస్ వాళ్ళు, ల్యాబు వాళ్ళు, బ్లడ్ బ్యాంకు వాళ్ళు ఏం కావాల? అసలే కొండకొచ్చే జనం జాస్తిగా ఉండారు. రద్దీ తగ్గినాక సూస్తాం."

వారం ఆగి మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ అదే మాట. మూడోసారి వెళ్ళినప్పుడు కూర్చోమన్నా కూర్చోలేదు. "సార్, ఈ ఆదివారం మనం ఆపకపోతే అదే ఆగిపోతుంది. మనం ఆపితే మళ్ళీ లేస్తుంది. అదే ఆగిపోతే లేవదు" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "సరే, ఆదివారం పెట్టుకో" అన్నారు.

శనివారమంతా బ్యాకప్ తీసుకోవడంతోనే సరిపోయింది. తీసిన బ్యాకప్‌లోంచి కొంత భాగం వెనక్కి తెచ్చి చూశాను, బాగానే వచ్చింది. మొత్తం తెచ్చి చూడడానికి మా దగ్గర అంత చోటు లేదు. పెట్టె పోతే కొత్తది తెప్పించి, అందులోకి అంతా ఎక్కించాలంటే రోజులు పడతాయి. అన్ని రోజులూ ఆసుపత్రి కళ్ళు మూసుకుని నడవాలి.

ఆదివారం పొద్దున్నే కంపెనీ ఇంజనీరు చెన్నై నుంచి రైల్లో వచ్చాడు. తిరుత్తణి వైపు మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. వానలో తడిసి వచ్చి, ముందు బ్యాగు తుడిచి, తరవాత తల తుడుచుకున్నాడు. "చాలాచోట్ల చేసినాను అక్కా. ఏం కాదు" అన్నాడు. ఆ మాట కోసమే కాచుకున్నదానిలా వెళ్ళి అతనికి కాఫీ తెచ్చిచ్చాను.

వార్డులన్నిటికీ ముందే చెప్పి ఉంచాం. నర్సులు కాగితాలు సిద్ధం చేసుకున్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్క సర్వరూ ఆపాం. పని మొదలుపెట్టాం. ల్యాప్‌టాప్ తెర మీద డిస్కులు వరసగా కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకుంటూ పోయాయి. ఒక్కోటి పూర్తయినప్పుడల్లా ఊపిరి వదిలాను. చివరిదీ అయిపోయింది. ఇంక పెట్టెను ఒకసారి ఆపి లేపితే, ఎక్కించుకున్న కొత్త ఫర్మ్‌వేర్‌ని డిస్కులు లోపల అమర్చుకుంటాయి, అంతటితో పని పూర్తి.

ఆపాం. లేపాం.

ఫ్యాన్లు ఒక్కసారిగా గట్టిగా అరిచాయి. పెట్టె ముందున్న దీపాలన్నీ నారింజ రంగులో వెలిగాయి. కాసేపటికి పచ్చగా మారాలి. మారలేదు. ల్యాప్‌టాప్‌లో పెట్టె కనిపించడమే మానేసింది.

"ఒక్కోసారి లేటవుతాది అక్కా. ఉండండి" అన్నాడు ఇంజనీరు. ఇంకాసేపు గడిచింది. అప్పటిదాకా చెన్నై ట్రాఫిక్ గురించీ, తన కూతురి స్కూలు గురించీ మాట్లాడుతున్న మనిషి నోరు మూసేశాడు. దీపాలకన్నా అతను మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అప్పుడే కరెంటు పోయింది. గదిలో లైటు ఆరిపోయి, యూపీఎస్ కీచుకీచుమని మొదలుపెట్టింది. ఆ చీకట్లో ఆ నారింజ దీపాలు తప్ప ఏమీ కనిపించలేదు. ఇలాంటప్పుడు పెట్టెకి కరెంటు ఆగితే ఫర్మ్‌వేర్ సగంలో చెడిపోతుంది. నేను వెళ్ళి యూపీఎస్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. చెయ్యి పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. అయినా పెట్టాను. పెరట్లో జనరేటర్ ఒకసారి దగ్గి, ఆగి, మళ్ళీ అందుకుంది. లైటు వెలిగింది.

నా ఫోన్ మోగింది. క్యాజువాలిటీ సిస్టరు.

"అక్కా, సిస్టమ్ ఎప్పుడొస్తాది?"

"ఇంకొంచెం టైం పడతాది. ఏమైంది?"

"ఈడొక పేషెంటు ఉండాది. పాత రికార్డు కావాల. మీరొకసారి పైకి రండి, డాక్టరు పిలస్తా ఉండారు."

ఇంజనీరును అక్కడే ఉండమని చెప్పి మెట్లెక్కాను. మంచం మీద అరవై దాటిన ఆవిడ, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. పుత్తూరు వైపు నుంచి వచ్చారట. జ్వరం ఉన్నా చెప్పకుండా అలిపిరి దగ్గర కాలినడకన కొండెక్కడం మొదలుపెట్టి, కొంతదూరం పోయాక ఊపిరాడక కూలబడిపోయిందట. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్, వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టాలి అన్నాడు డ్యూటీ డాక్టరు. పక్కనే నిలబడి ఉన్న కొడుకు ఆ మాట వినగానే ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, సూసి ఎయ్యండి సార్. మాయమ్మకి పోయినసారి ఈడనే ఏదో సూది ఏసినారు. ఒళ్ళంతా దద్దులు లేసి, గొంతు పట్టేసి, సచ్చి బతికింది."

"ఏ సూది?"

"మాకేం తెలుసు సార్? మీ కంప్యూటర్లో రాసుకున్నారు గదా."

డాక్టరు నావైపు చూశాడు. పాత కాగితాల ఫైళ్ళన్నీ రేణిగుంట రోడ్డులో గోడౌనులో ఉన్నాయి. ఆదివారం తాళం ఎవరి దగ్గరుంటుందో కూడా తెలియదు.

"ఎంతసేపట్లో వస్తుంది మేడమ్?" అన్నాడు.

"చెప్పలేను డాక్టర్" అన్నాను. అంతకన్నా కష్టమైన మాట నేను ఆ ఉద్యోగంలో ఇంకోటి అనలేదు.

"కాసేపు ఆగగలను. ఎక్కువసేపు ఆగలేను. ఆలోగా రాకపోతే పోయినసారి ఏది వేసి ఉండొచ్చో ఊహించుకుని, దానికి దూరంగా ఉండే మందు ఇస్తా. పక్కనే నిలబడి చూసుకుంటా."

కొడుకు నన్ను అడిగాడు, "మీరు గూడా డాక్టరామ్మా?"

"కాదప్పా. కంప్యూటర్ల పని."

"అయితే మీ చేతుల్లోనే ఉండాది" అన్నాడు. కోపంగా కాదు, మొక్కినట్టు అన్నాడు. నేను గబగబా మెట్లు దిగాను.

కింద దీపాలు అలాగే ఉన్నాయి. ఇంజనీరు లేచి నిలబడి ఉన్నాడు.

"హెడ్డాఫీసుకి ఫోన్ చేసినా అక్కా. ఒకాయన వెయిట్ చెయ్యమంటాడు. ఇంకొకాయన పవర్ తీసి పెట్టమంటాడు. తీసి పెట్టేద్దామా?"

అతని చెయ్యి అప్పటికే వెనక వైరు మీద ఉంది. లోపల ఇంకా పని జరుగుతూ ఉంటే, తీయడం అంటే చంపేయడమే. నిజంగానే బిగుసుకుపోయి ఉంటే తీయడం తప్ప వేరే దారి లేదు. ఏది నిజమో బయటినుంచి చూస్తే తెలియదు. పైన ఆ తల్లి, పక్కన ఆ కొడుకు. ఒక్క మాట చెప్పాలి నేను.

"ఆగండి" అన్నాను చివరికి.

"ఎంతసేపు అక్కా?"

"తెలీదు. ఆగండి."

నేను ఆపింది తెలిసి కాదు. తియ్యమని చెప్పే ధైర్యం లేక ఆపాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఫోన్ మోగుతుందేమోనని భయం, మోగకపోతే పైన ఏమైందోనని భయం.

ఉన్నట్టుండి ఫ్యాన్ల అరుపు తగ్గింది. ముందు ఒక దీపం పచ్చగా మారింది. దాని పక్కది. ఆ పక్కది. ఇంజనీరు "అమ్మా" అని గట్టిగా అన్నాడు. ఒక్కటి తప్ప అన్నీ పచ్చగా మారాయి. ఆ ఒక్క డిస్కు లేవలేదు. ఒక్కటి పోతే ఫరవాలేదు. ఒక్కటే పోయింది.

సర్వర్లు లేపి, లోపలికి వెళ్ళి, ఆవిడ పేరు కొట్టాను. వేళ్ళు తప్పు అక్షరాల మీద పడ్డాయి. చెరిపి మళ్ళీ కొట్టాను. రికార్డు తెరుచుకుంది, పైనే ఎర్రటి అక్షరాల్లో ఉంది ఆ మందు పేరు. క్యాజువాలిటీకి ఫోన్ చేసి ఒక్కో అక్షరం విడదీసి చదివాను.

"నేను అది ఇయ్యలేదు మేడమ్. ఇప్పుడే వేరేది మొదలుపెట్టినా. ఈ దినం దేవుడు మనవైపు ఉండాడు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు ఏడుపొచ్చింది. ఇంజనీరు అటు తిరిగి, పోయిన డిస్కు తీసి తాను తెచ్చిన కొత్తది పెట్టాడు. మిగిలిన డిస్కులన్నీ కలిసి దాన్ని నింపడానికి సాయంత్రమైంది. అందాకా ఇంకొకటి పోతుందేమోనని చూస్తూ కూర్చున్నాను. పోలేదు.

అతన్ని స్టేషనుకు పంపడానికి ఆటో దాకా వెళ్ళాను. వాన తగ్గింది. ఆటో ఎక్కబోతూ ఆగి అన్నాడు: "అక్కా, నాకు గూడా శానా భయమేసింది. కస్టమర్ ముందర చెప్పకూడదని మాకు నేర్పిస్తారు." పెట్టె ఇలా బిగుసుకుపోవడం చూడ్డం అతనికిది రెండోసారట. మొదటిసారి ఇంకెక్కడో వైరు తీశాడట. ఏమైందని అడిగాను. తల అడ్డంగా ఊపి ఆటో ఎక్కేశాడు. ఆ రోజు మేమూ తీసి ఉంటే ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు.

మర్నాడు సూపరింటెండెంటు నన్ను పిలిచారు. "ఏమీ కాలేదంట గదా? ఊరికే అంత భయపడినావు" అన్నారు నవ్వుతూ.

నేను నవ్వలేదు. క్యాజువాలిటీలో జరిగింది చెప్పాను, వైరు మీద చెయ్యి సంగతి చెప్పాను. "ఇంకొక పెట్టె కావాలి సార్. వేరే అంతస్తులో. ఒకటి ఆగినా ఇంకోటి ఉండాల. ఇట్లా ఇంకోసారి నేను చెయ్యలేను" అన్నాను. ఆయన తన సర్జరీ రోజుల గురించి ఏదో చెప్పబోయి ఆగిపోయి, "రాసి పంపించు" అన్నారు.

పెద్దావిడ కోలుకుంది. డిశ్చార్జి రోజున కొడుకు దారి అడుక్కుంటూ సెల్లారుకి వచ్చాడు. ఆ మందు పేరు కాగితం మీద రాసిమ్మన్నాడు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని, పెళ్ళాం ఫోన్‌కి పంపి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ కంప్యూటర్లు ఎప్పుడెట్లుంటాయో ఏమోమ్మా" అన్నాడు.

"అవునప్పా" అన్నాను.

కొత్త పెట్టె ఎండాకాలం మొదట్లో వచ్చింది. మూడో అంతస్తులో పెట్టించాను. ఇప్పుడు ఏది ఆపాలన్నా ముందు ఇంకొకటి నడుస్తోందో లేదో చూసుకుని ఆపుతాను. నాతో పనిచేసే అతను, "ఇంక భయం లేదు గదా మేడమ్" అంటాడు. ప్యాచ్ వేసి, పెట్టె లేచి, దీపాలు పచ్చబడేదాకా నేను అతనికి జవాబు చెప్పను.