కిటికీ గుంతలో కుందేలు

చదువు కోసం దేశం దాటి వచ్చాక హామిల్టన్‌లో అది నా మొదటి చలికాలం. కాలేజీల నిండా మన పిల్లలే, గది దొరకడమే గగనమైన రోజులు. రిటైరైన ఒక తెలుగు డాక్టర్ ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, వరంగల్ అమ్మాయి ఒకతీ అద్దెకుండేవాళ్లం. మా గదికి ఒకటే కిటికీ. వెలుతురు రావడానికి దాని బయట నేలలోకి చిన్న గుంత తవ్వి, చుట్టూ రేకు కట్టారు.

మంచు బాగా కురిసిన ఓ పొద్దున కర్టెన్ తీస్తే, అద్దానికి అవతల గుంతలో కుందేలు! ఒళ్లంతా ముడుచుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ కదలట్లేదు.

"పడిపోయినట్టుంది. ఎక్కలేక చస్తది పాపం. లోపలికి తెద్దామా?" అంది రూమ్మేట్.

తెచ్చి ఎక్కడ పెడతాం? కరిస్తే? ఏమీ తోచక పైకి పరిగెత్తాం.

"ముట్టుకోకండి, భయంతోనే పోవచ్చు" అన్నారు ఆంటీ. మళ్లీ ఆవిడే, "అయినా నేను మనుషుల డాక్టర్ని, కుందేళ్ల సంగతి నాకేం తెలుసు?" అని సందేహంలో పడ్డారు. ఆవిడ భర్త, అంకుల్, గరాజ్‌లోంచి చెక్క తెచ్చి గుంతలోకి ఏటవాలుగా దించారు. నేను క్యారెట్ ముక్కలు వేస్తుంటే పక్కింటి పెద్దాయన చూసి, చలికాలంలో వాటికి లేత కొమ్మలే మంచివని చెప్పి, తన ఆపిల్ చెట్టు కొమ్మలు విరిచిచ్చాడు.

సాయంత్రానికి గుంత ఖాళీ. చెక్క మీద మంచులో అడుగుల గుర్తులు. హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు చూస్తే మళ్లీ అక్కడే, వీపు అద్దానికి ఆనించి!

అంటే పడిపోలేదా? మా గదిలోంచి పోయే వేడి కోసం కావాలనే వస్తోందా? ఆ కిటికీ వల్లే చలికి చస్తున్నామని ఆంటీతో మొరపెట్టుకున్నది మేమే. ఆ శనివారం అంకుల్ కిటికీకి అంటించడానికి ప్లాస్టిక్ షీటు, టేపు పట్టుకుని దిగారు.

"అంకుల్, కొన్నాళ్లు ఆగుదామా?" అన్నాను.

"మీరే కదమ్మా చలన్నారు!"

"చలే అంకుల్. కానీ కుందేలు..."

ఆయన టేపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు. రూమ్మేట్ దగ్గుతూ నా వైపు చూసింది. చివరికి ఆంటీయే కిందికొచ్చి, కుందేలుకి వేరే చోటు చూద్దామని తేల్చారు. కిటికీకి ప్లాస్టిక్ అంటించేసి, ఎవరో పారేసిన క్రిస్మస్ చెట్టును పెరటి మూలకు ఈడ్చి, దాని కింద గడ్డి పరిచాం.

కుందేలు మళ్లీ గుంతలోకి రాలేదు. చెట్టు కిందికి గుర్తులు కనిపించాయి గానీ అవి దానివో, ఇంకోదానివో. గది వెచ్చబడింది, నాకు మాత్రం నిద్ర సరిగ్గా పట్టేది కాదు.

మంచు కరిగాక ఒక కుందేలు పెరట్లో ఆంటీ తులిప్ మొలకలన్నీ కొరికేస్తూ కనిపించింది.

"మనం కాపాడింది దీన్నేనా?" అన్నారు ఆంటీ, తిట్టాలో నవ్వాలో తెలియనట్టు.

"ఏమో ఆంటీ" అన్నాను.