పులిసిన పెరుగు బలం

పాలల్లనే పుట్టిన, పాలల్లనే పెరిగిన. ఊహ తెల్సినకాడికెల్లి బర్ల పొదుగు కిందనే కూసున్న. అయినా పులుపుకు ఏం బలమున్నదో నాకు తెల్వకపాయె. తెల్సిన రోజు గాజు తలుపు ముంగట నేల మీద కూసోని, నోరు తెరిచి సూసిన. ఇప్పటికీ యాదికొస్తే ఒళ్ళు జల్లుమంటది. నేను చెప్తాంటే నా బిడ్డ రాస్తాంది. నాకు సంతకం కాడికే వచ్చు.

మాది రామన్నపేట దిక్కు పల్లె. గొల్లోళ్ళం. తెలంగాణ వచ్చిన రెండేండ్లకు నా పెనిమిటి పోయిండు. గొర్లను అమ్మేసి, రెండు బర్లను తోలుకోని చౌటుప్పల్ల బిడ్డ కాడికొచ్చిన. అల్లుడు లారీ మీద పోతడు, నెలకు నాలుగు దినాలు ఇంట్ల ఉంటే గొప్ప. బిడ్డ మందుల కంపెనీల ప్యాకింగ్ చేస్తుండె. గా మందు పొడికి దగ్గు పట్టుకున్నది. ముక్కులు బిగుసుకపోయి, ఏ వాసనా తెల్వకపోతుండె. దవాఖానల సూపిస్తే, నీకు గా పొడి పడదమ్మా అన్నరు. నెల రోజులు ఇంట్ల కూసున్నది. కంట్రాక్టరు ఫోన్ చేసి, సోమవారం వస్తవా, ఇంకొకరిని పెట్టుకోవాల్నా అని అడిగిండు.

బిడ్డకు కేకులు చేసుడంటే పానం. మహిళా సంఘపోళ్ళు నేర్పిచ్చిండ్రు, మిగిలింది ఫోన్ల సూసి నేర్సుకున్నది. గాజు తలుపున్న చిన్న ఓవెను పాతదొకటి తెచ్చుకున్నది. రోడ్డు మీది బేకరీ సేటును పనడిగితే ఆయన ఒక కాగితం చేతుల పెట్టిండు.

"గీ కేకు గిట్లనే కావాలని ఒక మేడం రాసిచ్చింది. మా మాస్టరు ఊరికి పోయిండు. ఆదివారం నాలుగింటికి నువ్వు చేసి పట్టుకరా. మేడం బాగుందంటే సోమవారంకెల్లి పొయ్యి కాడ నువ్వే. బాగలేదంటే మల్ల నన్ను అడగొద్దు."

అంటే, సోమవారం నా బిడ్డ ఆ పొడిల పోవుడా, ఈ పొయ్యి కాడికి పోవుడా, ఒక్క కేకు మీద ఆగింది.

కాగితంల అన్నీ దొరికేటివే, ఒక్కటి తప్ప. సోర్ క్రీం అంట.

"ఏందే అది?" అన్న.

"మీగడను పులవబెడుతరంట అమ్మా."

నాకు నవ్వొచ్చింది. "పులిసిందాన్ని పైసలిచ్చి కొంటరా? మనం బర్రె కుడితిల పోస్తుంటిమి గదనే!"

ఇద్దరం చౌటుప్పలంత తిరిగినం. ఒక కిరాణం ఆయన, "క్రీమా? మొహానికా, మడిమలకా?" అన్నడు. ఇంకో షాపాయన, హైదరాబాద్ల పెద్ద పెద్ద దుకాండ్లల్ల దొరుకుతది, ఒక్క కేకు కోసం గంత దూరం పోతవా అన్నడు. బిడ్డ మెట్ల మీదనే కూసోని ఫోన్ల సూసింది, సూసి లేసి నిలబడ్డది.

"అమ్మా, మనింట్లనే ఉన్నది! మీగడ పెరుగును బట్టల కట్టి నీళ్ళు కార్చి, పులవబెడితే సరిపోతదంట."

శుక్రవారం పొద్దుగాల మా బర్రె పాలతోటి మీగడ కలిపి తోడేసింది. పెరుగైనంక తెల్లబట్టల మూటగట్టి ఏలాడదీసింది. నీళ్ళన్నీ కారినంక గట్టి ముద్దను గిన్నెల పెట్టి గూట్ల పెట్టింది. "ఆదివారం దాక ముట్టకు" అన్నది. ఎందుకో చెప్పలే, నేను అడగలే.

ఇగ నేను చేసిన పని వినుండ్రి.

మా ఇండ్లల్ల పెరుగు కమ్మగ లేకపోతే ఆడిదాని పరువు పోయినట్టు. సుట్టమొస్తే పొద్దుగాలటి పెరుగు పెట్టాలె. పులిసింది సుట్టం ముంగట పెడితే, ఈ ఇంట్ల ఆడిది పండుకోని లేస్తదా అని నాలుగూర్లు చెప్పుకుంటరు. నా అత్తగారింట్ల పెండ్లయిన ఏడు నేను నేర్సుకున్న మొదటి బుద్ధి గిదే. ఆదివారం పొద్దుగాల గూట్ల గిన్నె మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుకు గుప్పున కొట్టింది. నా బిడ్డ గిసుంటిది ఎవరికో మేడంకు పెడుతదా? తిని ఊంచేస్తే ఏమున్నది బతుకు? పాపం ముక్కు పనిచేస్తలేదు, దానికేం తెల్సు అనుకున్న. నెయ్యి కోసం మూడు దినాల సంది తీసిపెట్టిన పాల మీగడ ఉండె. తెల్లగ, గట్టిగ, తియ్యగ. అంతకంటె గొప్పది మా ఇంట్ల లేదు. పులిసిందాన్ని కుడితిల కుమ్మరిచ్చి, గిన్నె కడిగి, గా మీగడలకెల్లి సగం పోసి పెట్టిన. మంచి పని చేసిననని సంబురపడ్డ.

బిడ్డ కాగితం మీద కండ్లు పెట్టి, చెయ్యి సాపి "గిన్నె ఇయ్యమ్మా" అన్నది. ఇచ్చిన.

పదకొండింటికి కేకు బయటికొచ్చింది. పిడక లెక్క సాపుగ పండుకున్నది. నడుమ గుంట. ఒక ముక్క నోట్లేసుకుంటే బట్టల సబ్బు నాకినట్టున్నది. బిడ్డ పీట మీద కూలబడ్డది.

"నా చేతిలనే లేదమ్మా. సేటుకు ఫోన్ చేసి రానని చెప్త. రేపు కంపెనీకే పోత."

బర్రెకు నీళ్ళు పెట్టి వచ్చిన, వాకిలి ఊడ్సిన దాన్నే మల్ల ఊడ్సిన. ఇగ ఆగక చెప్పిన.

"నువ్వు పెట్టింది నేను మార్సిన బిడ్డా. పుల్లగున్నదని మీగడ పోసిన."

అది పీట మీదికెల్లి లేసింది. "మీగడనా? తియ్యటి మీగడనా? అమ్మా, కేకుల ఏసే సోడాకు పులుపు తాకాలె! పులుపు తాకితేనే పొంగుతది! లేకపోతే గిట్లనే సబ్బయితది!"

"నాకేం ఎరుక? నాకు సదువొస్తదా?"

"సదువు లేకపోతే ఏంది, నోరున్నది గదా! ఊరందరిని అడుగుతవు, ఇది అడగొద్దా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. దుకాణంల పాకిట్ పెరుగు కొందమంటే అది తియ్యగుంటది. మీగడల నిమ్మకాయ పిండుదామా అన్న. వాసన కొడతది, మేడం పట్టేస్తది అన్నది. మంచిగ పులిసింది కావాలె, గంట లోపట కావాలె.

మా ఎనుక సందుల ఒకామె ఉంటది. అంగన్‌వాడీల ఆయా. మా ఊరామెనే. ఆమె అత్త మా చెల్కల కలుపుకు వస్తుండె. ఇప్పుడు ఆమెకు సర్కారు జీతం, రెండర్రల డాబా ఇల్లు. ఆదివారం గుడికి, వాళ్ళ యేసు గుడికి, పోయి అప్పుడే వచ్చింది. నేను గిన్నె పట్టుకోని వాకిట్ల నిలబడ్డ.

"చెల్లే, పుల్లటి పెరుగేమన్న ఉన్నదా?"

నడుం మీద చెయ్యి పెట్టి నవ్వింది. "ఏందక్కా, గొల్లోళ్ళు పెరుగు కోసం మా వాకిట్లకొచ్చిండ్రా? ఇయ్యాల పొద్దు ఏ దిక్కు పొడిసింది?"

"ఎద్దేవ చేయకు చెల్లే. అవసరం పడ్డది."

"మీ ఇంట్ల పులుపుకు కరువా? మా అత్తకు మీరు పోసింది పులిసిన సల్లనే గదా. పైకెల్లి ఎత్తి పోస్తుంటే, మీద పడకుంట దోసిలి పట్టేదంట. పండ్లు పులుస్తుండె అని సచ్చేదాక చెప్పింది."

నేను తల దించుకున్న. "ఎత్తి పోసింది నేనే చెల్లే."

"ఎరుకే" అన్నది. నా చేతిలకెల్లి గిన్నె తీసుకోని లోపటికి పోయింది. సల్లచారుకు దాసుకున్న స్టీలు డబ్బ తెచ్చి, నా దగ్గర నిలబడి, గిన్నె ఒక చేత పట్టుకోని నిండ పోసింది. అడుగున మిగిలింది వేలితోటి గీకి సుత ఏసింది. "ఇయ్యాల మా ఆయనకు సల్లచారు లేదు, పప్పే" అన్నది. ఎందుకని అడిగితే కేకు ముచ్చట చెప్పిన. "పులిసిన పెరుగుతోటి కేకా? ఆగు, నేనూ వస్త" అని చెప్పులేసుకున్నది.

పెరుగును బట్టల పోసి మెలిపెట్టి, మీద సన్నికల్లు పెట్టిన. అరగంటల నీళ్ళన్నీ దిగి గట్టిగయింది. వెన్న లేకుంటే కేకు ఎండిపోతదని, మిగిలిన మీగడ రెండు గంటెలు అండ్ల కలిపినం. బిడ్డ సోడా ఏసింది. ఏసిందో లేదో గిన్నె సన్నగ బుస్సుమన్నది. బుడగలు లేసినయ్, ముద్ద జర పైకి జరిగింది. నేను చెయ్యి ఎనకకు తీసుకున్న. పొయ్యి లేదు, మంట లేదు, అదే కదిలింది!

ఓవెను ముంగట ముగ్గురం నేల మీద కూసున్నం. ముందుగాల ఏమీ కాలే. తర్వాత అంచులు కదిలినయ్. ఆ ఎనుక నడుమ పిండి మెల్లగ, ఎవరో కిందికెల్లి అరచెయ్యి పెట్టి లేపుతున్నట్టు పైకొచ్చింది. గిన్నె అంచు దాటింది. గుండ్రంగ, నున్నగ, జర బంగారు రంగు పడుకుంట ఇంకా లేస్తనే ఉన్నది. నా జన్మల ఎన్ని బర్లు ఈనంగ సూసిన, ఎన్ని కుండల పాలు పొంగంగ సూసిన, గిది మాత్రం సూడలే. ఈ లేపే బలాన్ని గిన్నెలకు గిన్నెలు కుడితిల పోసిన. మా వాకిట్లకొచ్చినోళ్ళకు, మాకొద్దనుకున్నదని ఎత్తి పోసిన. నా కండ్లపొంటి నీళ్ళొచ్చినయ్.

"ఎనిమిదో నెల కడుపు తీర్గ ఉన్నదక్కా" అన్నది చెల్లె గుసగుసగ.

"ఇద్దరు మాట్లాడకుండ్రి, తలుపు ముట్టకుండ్రి!" అని బిడ్డ కసిరింది.

మూడున్నరకు డబ్బల పెట్టుకోని పోయినం. సేటు వేలితోటి వత్తి సూసిండు. గుంట పడి మల్ల నిండింది. మేడం వచ్చింది, అక్కడనే కోసి సన్నటి ముక్క నోట్లేసుకున్నది. ఆమె కండ్లు మూసుకోని నమిలి, "ఇక్కడ సోర్ క్రీం ఎక్కడ దొరికింది మీకు?" అన్నది.

"దొరకలేదు మేడం. మా సందులనే పులవబెట్టినం" అన్నది బిడ్డ.

సేటు బిడ్డ దిక్కు సూడకుండనే, "రేపు ఆరింటికి రావాలె, ఆలస్యమైతే ఊకోను" అన్నడు.

సోమవారం కంపెనీ బస్సు మా సందు మొగదాల రెండుసార్లు హారన్ కొట్టి పోయింది. అప్పటికే బిడ్డ పొయ్యి కాడ ఉన్నది. తొమ్మిదింటికి సద్ది పట్టుకోని పోయిన. వాళ్ళ పెద్ద ఓవెను మనిషంత ఎత్తున్నది. గాజులకెల్లి తొంగి సూస్తే, వరుసకు వరుస, పదో పన్నెండో, అన్నీ ఒక్కపారే లేస్తున్నయ్.

"ఇగ పో అమ్మా, సేటు సూస్తుండు" అన్నది.

"జర ఆగే" అన్న.