పద్నాలుగు అడుగుల బోర్డు, శివప్ప మామ, నేను తీసిన తరుగు

జహీరాబాద్ నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా నాలుగువందల కిలోమీటర్ల లోపు సముద్రం తగలదు. అలాంటి ఊళ్ళో డ్రిప్పు పైపుల దుకాణం నడుపుకునే నలభై నాలుగేళ్ళ ఆడమనిషికి సముద్రం మీద నిలబడి తెడ్డు వేసే పిచ్చి ఎందుకు పట్టిందని మీరు అడగవచ్చు. మా బజారులో అందరూ అడిగారు. నాలుగేళ్ళ కిందట కర్ణాటక తీరానికి విహారానికి వెళ్ళినప్పుడు ఒక పొడవాటి పలక మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ నది దాటాను. దాన్ని స్టాండ్-అప్ పాడిల్‌బోర్డు అంటారని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాక నిద్రలో కూడా కాళ్ళ కింద నీళ్ళు కదిలాయి. గాలి నింపే బోర్డు ఒకటి కొనుక్కున్నాను. అప్పటి నుంచి ఆదివారాలు మా ఊరి బయటి ప్రాజెక్టులో, అనుమతి తీసుకుని మరీ, తెడ్డు వేస్తున్నాను. గట్టు మీద మేకలు కాసేవాళ్ళకు నేనొక ఉచిత వినోదం.

ఈ ఆటలో అసలు రుచి డౌన్‌విండ్‌లో ఉంది. అంటే గాలిని వీపు మీద పెట్టుకుని, ఒడ్డు పక్కగా, ఒక అల మీద నుంచి ఇంకో అల మీదకు జారుతూ కిలోమీటర్ల కొద్దీ పోవడం. కుమటా దగ్గర నది సముద్రంలో కలిసే చోట రోహిణి అనే ఆమె చిన్న పాడిల్ బడి నడుపుతుంది. ప్రతి మార్చిలో ఒక ఆదివారం ఆమె బృందం పన్నెండు కిలోమీటర్ల డౌన్‌విండ్‌కు పోతుంది. పోయినేడు నేను కూడా నా గాలి బోర్డుతో బయల్దేరాను. సగం దూరంలో చేతులు పడిపోయాయి. మిగతా సగం రోహిణి నా బోర్డుకు తాడు కట్టి, తప్పిపోయిన దూడను ఇంటికి తోలుకొచ్చినట్టు లాక్కొచ్చింది. ఒడ్డుకు చేరాక ఒకటే మాట చెప్పింది: "సరైన బోర్డుతో వచ్చి, ముందు రోజు మూడు కిలోమీటర్లు తాడు లేకుండా నా వెనక వస్తేనే వచ్చే ఏడాది తీసుకెళ్తాను." ఏడాదంతా ఆ మాట నన్ను ముల్లులా పొడుస్తూనే ఉంది.

బోర్డు కొనడం ఒక ఎత్తు, తేవడం ఇంకో ఎత్తు. పద్నాలుగు అడుగుల గట్టి బోర్డును బస్సు ఎక్కించుకోదు, రైల్లో పెట్టనివ్వరు. అందుకే మా మేనమామ శివప్పను అడిగాను. అమ్మకు తమ్ముడు, న్యాల్‌కల్ దగ్గర పల్లెలో ఉంటాడు. వాళ్ళ తాతల కాలం నుంచీ సరిహద్దుకు అటూ ఇటూ చుట్టరికాలే కాబట్టి కన్నడం, తెలుగు రెండూ ఆయనకు ఇంటి భాషలే. ముప్పై ఏళ్ళుగా అల్లం వ్యాపారం. తవ్విన అల్లానికి మట్టి అంటుకుని వస్తుంది గనుక తూకంలో సంచికి రెండు మూడు కిలోలు తగ్గించి పట్టుకుంటారు, దాన్ని తరుగు తీయడం అంటారు. మామ సంచిని కంటితో చూసి బరువూ తరుగూ రెండూ చెప్పేయగలడు. నా పెళ్ళిలో నన్ను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చింది కూడా ఆయనే. దింపి, అందరూ వినేలా "పువ్వు లెక్కున్నది నా బిడ్డ" అన్నాడు. ఆ మాట నేను ఇరవై రెండేళ్ళుగా దాచుకుని తింటున్నాను.

అడగ్గానే మామ తల గోక్కున్నాడు. "గా పలక కోసం గంత దూరమా? సరే తియ్, అల్లం సీజన్ అయిపోయింది, బండి ఖాళీగనే ఉన్నది. అరవై రెండేండ్లు వచ్చినయ్, నేను గూడ సముద్రం చూడలే."

శుక్రవారం తెల్లవారి ఐదింటికి పికప్ బండిలో బయల్దేరాం. హుమ్నాబాద్ మీదుగా కలబురగి చేరేసరికి ఏడున్నర. అక్కడ టిఫిన్. హుబ్బళ్ళిలో రెండింటికి జొన్నరొట్టె భోజనం, ఇద్దరికీ రెండువందల నలభై. ఆ తర్వాత ఘాట్ రోడ్డు, అడవి, మలుపు మలుపుకూ మామ సణుగుడు. సాయంత్రం ఆరున్నరకు కుమటా దాటి సముద్రం ఒడ్డున గది తీసుకున్నాం, రోజుకు పన్నెండు వందలు. డీజిల్ పోను రాను పది వేల దాకా అవుతుంది. సామాను దించకముందే మామను ఇసుకలోకి లాక్కెళ్ళాను. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు, "దీనికి కట్ట లేదా బిడ్డా?"

లేదన్నాను. ఆ రాత్రి మామ తన మంచాన్ని కిటికీ నుంచి దూరంగా జరుపుకున్నాడు.

శనివారం ఏడింటికి గది పక్కనే ఉన్న చిన్న హోటల్‌కు వెళ్ళాం. వంట చేసేది ఒక పెద్దావిడ. నీరు దోసెలు, కొబ్బరి చట్నీ బాగున్నాయి. మామ మాత్రం చాయ్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, "ఈ అల్లం ఏడిది?" అని కన్నడంలో అడిగాడు. సిర్సీ వైపుదని ఆవిడ చెప్పింది. "వాసనున్నది, ఘాటు లేదు" అన్నాడు మామ. ఆవిడకు చురుక్కుమంది. "అంత ఘాటున్నది మీ దగ్గరుంటే తెచ్చి చూపించండి" అంది. మామ బండి దగ్గరికి పోయి, సీటు కింద నుంచి రెండు గుప్పిళ్ళ అల్లం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆ అల్లంతో పెట్టిన రెండో చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు ఆవిడ.

ఎనిమిదిన్నరకు రోహిణి దగ్గరికి చేరాం. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, ఎండకు కమిలిన ముఖం, తక్కువ మాటలు. నాతో హిందీలో, మామతో కన్నడంలో మాట్లాడింది. అమ్మకానికి రెండు పాత బోర్డులు ఇసుకలో పరిచి పెట్టింది. రెండూ పద్నాలుగు అడుగులే, ధర కూడా దాదాపు ఒకటే, అరవై వేల పైన. తెల్లది ఇరవై నాలుగు అంగుళాల వెడల్పు, సన్నగా, తళతళలాడుతూ ఉంది. నీలిది ఇరవై ఏడు అంగుళాలు. కొంచెం బొద్దుగా, అక్కడక్కడ గీతలు పడి, పెళ్ళిళ్ళు చేసి అలిసిపోయిన పెద్దమ్మలా ఉంది. డౌన్‌విండ్‌కు ఏం చూడాలో రోహిణి చేత్తో తడుముతూ చెప్పింది. ముక్కు పైకి వంగి ఉండాలి, లేకపోతే ముందున్న అలలో గుచ్చుకుంటుంది. అడుగుభాగం గుండ్రంగా ఉంటే పక్క నుంచి వచ్చే అల బోర్డును ఒక్కసారిగా తిప్పేయదు. పొడవుంటే ఒక అల నుంచి ఇంకో అలకు దాటుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నీ బరువుకు తగినంత తేలే గుణం ఉండాలి. అది చెప్పి ఒక కాగితం ఇచ్చింది. పేరు, వయసు, ఈత వచ్చా, బరువు.

బరువు దగ్గర నా పెన్ను ఆగింది. దుకాణంలో పైపులు తూచే కాంటా మీద నేను డెబ్బై ఒకటి. కానీ అందులో చెప్పులున్నాయి, చీర ఉంది, ఆ పొద్దున తిన్న ఇడ్లీలున్నాయి. వచ్చే నెల ఎలాగూ తగ్గుతాను కదా. అరవై రెండు అని రాశాను.

రోహిణి కాగితం చూసింది, నన్ను చూసింది. "అరవై రెండైతే తెల్లది నీకు సరిపోతుంది. డెబ్బై దాటి ఉంటే నీలిది ఇచ్చేదాన్ని" అంది. నా మనసు అప్పటికే తెల్లదాని మీద పడింది కాబట్టి గమ్మున ఉండిపోయాను.

పొద్దున నదిలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తెల్ల బోర్డు కొంచెం వణికినా తెడ్డు వేస్తే బాణంలా పోయింది. మా ప్రాజెక్టులో నేర్చుకున్నదంతా అక్కరకొచ్చింది. గట్టు మీద కూర్చున్న మామకు చేయి ఊపాను. ఆయన ఊపలేదు. నా ముఖం వైపు కాదు, నా పాదాల వైపు చూస్తున్నాడు. ఎండకు కళ్ళు చెదురుతున్నాయేమో అనుకున్నాను.

రెండింటికి వాయవ్యం నుంచి గాలి లేచింది. ఈ తీరంలో ఎండాకాలం మధ్యాహ్నాలు మామూలుగా గాలి అటు నుంచే వస్తుందట. లైఫ్ జాకెట్ తొడుక్కుని, పడితే బోర్డు దూరం పోకుండా దాని పట్టీ కాలికి బిగించుకుని రోహిణి వెనక సముద్రంలోకి దిగాను. మొదటి అల వచ్చి వెనక నుంచి బోర్డును ఎత్తింది. ఆహా అనుకునే లోపు తెల్ల ముక్కు ముందున్న నీళ్ళలోకి సూటిగా దిగిపోయింది, దాని వెనకే నేను. ఎక్కాను, పడ్డాను. మళ్ళీ ఎక్కాను, పక్కకు పడ్డాను. అర కిలోమీటరు కూడా పోకముందే పదకొండుసార్లు పడ్డాను. రోహిణి తెడ్డు పైకెత్తి ఒడ్డు వైపు చూపించింది. వెనక్కి పొమ్మని అర్థం.

ఇసుకలో కూలబడ్డాను. ముక్కులో ఉప్పు, కళ్ళలో నీళ్ళు. ఏది సముద్రానిదో ఏది నాదో చెప్పలేను. ఏడాది ఆదివారాలు, ఆరువందల కిలోమీటర్ల దారి, అన్నీ అక్కడే ఒలికిపోయాయి. ఒడ్డు వెంట నడుచుకుంటూ వచ్చిన మామ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కాగితం మీద ఎంత రాసినవ్ బిడ్డా?"

"అరవై రెండు."

"తరుగు ఎంత తీసినవ్?"

ఆయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి చూశాడు, సంచిని చూసినట్టే. "డెబ్బై. ఒక కిలో అటో ఇటో. పొద్దుగాల్నే చూసిన, నీళ్ళు పలక అంచు మీదికెల్లి నీ కాళ్ళకు తగులుతున్నయ్. ఓవర్‌లోడ్ బండి గిట్లనే ఉంటది. నలుగుట్ల ఎట్ల చెప్పాలె అని ఊకున్న. తప్పైంది."

తప్పు ఆయనది కాదని నాకు తెలుసు. సిగ్గుతో ముఖం మండిపోతుంటే లేచి, అప్పటికి ఒడ్డుకొచ్చిన రోహిణి దగ్గరికి నడిచాను. "డెబ్బై ఒకటి" అని చెప్పాను. ఆమె నవ్వలేదు. "నాకూ అనుమానం వచ్చింది, కాగితాన్ని నమ్మాను. గాలి ఇంకో గంట ఉంటుంది, నీలిది పట్టుకో" అంది. ఆ తర్వాత మామ వైపు తిరిగి, పెద్దవాళ్ళను పిలిచే కన్నడ మర్యాదతో, "యజమాన్రే, మూడు కిలోమీటర్ల అవతల చేపల పడవలు ఆగే ఒడ్డుంది. బండి అక్కడికి తెండి" అని చెప్పింది. ఈ ఆటలో మొదలుపెట్టిన చోటికి తిరిగి రాము కాబట్టి అవతల బండితో ఒక మనిషి ఉండాల్సిందే.

నీలి బోర్డు మీద మొదటి అల వెనక నుంచి ఎత్తినప్పుడు కళ్ళు మూసుకున్నాను. ముక్కు కిందికి వంగింది, నీళ్ళను తాకింది, తనంతట తనే పైకి లేచింది. తెరిచి చూసేసరికి బోర్డు జారుతోంది. తెడ్డు వేయకుండానే జారుతోంది. నేను గట్టిగా అరిచాను, ఏమని అరిచానో గుర్తు లేదు. రెండుసార్లు పడ్డాను, ఎక్కాను, మళ్ళీ అల దొరికింది. ముందు పోతున్న రోహిణి మొదట్లో మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేది. సగం దూరం దాటాక చూడటం మానేసింది. అంతకన్నా పెద్ద మెప్పు ఆ రోజు నాకు ఎవరూ ఇవ్వలేదు.

పడవల ఒడ్డు దగ్గరపడుతుంటే మామ కనిపించాడు. కట్ట లేని సముద్రమని భయపడ్డ మనిషి, పంచె తడుస్తున్న సంగతి కూడా మరిచి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. నేను దిగగానే నా చేతిలో నుంచి బోర్డు లాక్కుని, తువ్వాల చుట్టి తల మీద పెట్టుకున్నాడు. వెనకాల వచ్చిన రోహిణి నన్ను దాటిపోతూ, "రేపు ఒంటిగంటకు రా" అని మాత్రం అంది. ఆ మూడు మాటలకు నాకు ఏడుపొచ్చింది, ఈసారి దాచుకోలేదు.

బండి వైపు నడుస్తూ అడిగాను, "మామా, గంప మోసిననాడు పువ్వు లెక్కున్నదని అబద్ధమే చెప్పినవా?"

"వారం రోజులు నడుం లేవలే" అన్నాడు తల మీద బోర్డుతోనే. "అప్పుడు మోసింది నేను గద బిడ్డా. నా తూకం, నా ఇష్టం, ఎంతైనా తరుగు తీస్త. సముద్రం ఎందుకు తీస్తది?"

ఆదివారం పన్నెండు కిలోమీటర్లూ పోయాను. అందరికన్నా వెనక, తాడు లేకుండా. సోమవారం నీలి బోర్డు కొని, దాని కింద అల్లం గోనెసంచులు పరిచి, చివర ఎర్రగుడ్డ కట్టుకుని జహీరాబాద్ చేరాం. ఇప్పుడది మా దుకాణంలో పైపుల పక్కన నీడలో పడుకుని ఉంది. వచ్చినవాళ్ళందరూ అదేమిటని అడుగుతారు, మామ ఉంటే ఆయనే చెప్తాడు, నా కథను ప్రతిసారీ కొంచెం పెంచి. నేను అడ్డుపడను. నా బరువు తనకు తెలిసి కూడా నన్ను పువ్వన్న మనిషికి ఆ మాత్రం హక్కుంది. ఇన్నేళ్ళూ ఆ మాటను నా గొప్ప అనుకున్నాను. అది ఆయన ప్రేమ అని ఆ ఒడ్డున తెలిసింది.

డౌన్‌విండ్ బోర్డు కొనడానికి వెళ్ళేవాళ్ళకు ఒకటే సలహా. నిలకడ నీళ్ళలో బాగుందని మురిసిపోకుండా, గాలి లేచాక సముద్రంలో నడిపి చూశాకే ఎంచుకోండి. బరువు అడిగితే మాత్రం తరుగు తీయకుండా చెప్పండి. మనల్ని మోసేవాళ్ళందరూ మేనమామలు కారు.